గడియారమ్మ రాసిన టైము

ఆ డిపోలో ఇరవై రెండు స్కూలు బస్సులు, ఇరవై రెండు మంది డ్రైవర్లు, ఒక గడియారమ్మ ఉండేవారు. గడియారమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పోస్టు పేరు టైమ్‌కీపర్. గేటు పక్కన ఆవిడ గది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ పొడవునా బస్సుల తాళాలు వేలాడే మేకులు. మూడో మనిషి లోపలికి రావాలంటే రెండో మనిషి బయటికి పోవాల్సిందే. కిటికీలోంచి చూస్తే ఏ బస్సు ఎప్పుడు వెళ్లిందో, ఏ డ్రైవరు మొహం కడుక్కోకుండా వచ్చాడో స్పష్టంగా కనిపించేది. పంతొమ్మిదేళ్లు ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. అన్నేళ్లలో ఒక్క పిల్ల కూడా బడి గంట కొట్టాక గేటు బయట నిలబడలేదు. ఈ మాట ఆవిడే చెప్పుకునేది, అడిగినా అడగకపోయినా.

ఇంత గొప్ప మనిషి రిజిస్టరులో రాసిన టైముల్లో ఒక్కటి కూడా నిజం కాదు.

అబద్ధం అంటే ఆవిడకి ఒళ్లు మండేది. "జాగ్రత్త" అనమనేది. ఆ జాగ్రత్తకో చరిత్ర ఉంది. కొత్తలో, బస్సు కదలాల్సింది ఆరూ యాభైకి కాబట్టి అమాయకంగా ఆరూ యాభై అనే రాసింది. డ్రైవర్లు ఏడింటికి వచ్చారు. ఆరూ నలభై అని రాసింది. ఒక నెల బుద్ధిగా వచ్చి, పది నిమిషాలు ముందుకి జరిపి రాసిందని కనిపెట్టి, మళ్లీ ఏడింటికే వచ్చారు. ఆరున్నర అని రాసింది. అదీ కనిపెట్టారు. ఇలా ఆవిడ వెనక్కి, వాళ్లు ముందుకి జరుగుతూ జరుగుతూ చివరికి ఆరూ ఇరవై దగ్గర ఇరుపక్షాలూ అలిసిపోయి సంధి చేసుకున్నాయి. కాగితం మీద ఆరూ ఇరవై. డ్రైవరు వచ్చేది ఆరూ నలభై ఎనిమిదికి. బస్సు కదిలేది ఆరూ యాభైకి. దీని గురించి ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కొత్తగా చేరిన డ్రైవరు మొదటి రోజు రాసిన టైముకి వచ్చి అరగంట ఒంటరిగా కూర్చునేవాడు. మిగతావాళ్లు వాణ్ణి జాలిగా చూసేవారు. వారం తిరిగేసరికి వాడూ దారిలో పడేవాడు.

సాయంత్రం వ్యవహారం ఇంకా ఘనమైంది. బస్సులు డిపోకి తిరిగొచ్చేది నాలుగూ నలభైకి. గడియారమ్మ రాసేది ఆరున్నర. ఎందుకంటే యజమానికి ఒక బావమరిది ఉన్నాడు. రిజిస్టరులో ఖాళీ బస్సు కంటబడితే చాలు, స్నేహితుల్ని ఎక్కించుకుని షికారు పోతాడు. మర్నాడు పొద్దున సీట్ల మధ్య వేరుశనగ తొక్కలు ఊడవలేక చావాలి. కాబట్టి కాగితం మీద ఆ డిపోలో బస్సులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు. పాపం, క్షణం తీరిక లేకుండా తిరుగుతూనే ఉండేవి.

ఇంటి దగ్గర ఆవిడ భర్త దర్జీ. ముందు గదిలోనే మిషను. మంగళవారం ఇస్తానంటే శుక్రవారం ఇచ్చే రకం. భార్య అబద్ధపు టైము రాసి పని సమయానికి జరిపించేది, భర్త అబద్ధపు తేదీ చెప్పి పని ఆలస్యంగా చేసేవాడు. రెండూ కలిసి సంసారం సరిగ్గానే నడిచేది. అయితే ఈ మధ్య జనం కుట్టిన బట్టలు కొనుక్కోవడం మొదలుపెట్టాక మిషను ఎక్కువగా గుడ్డ కప్పుకునే ఉంటోంది. ఇల్లు గడిచేది గడియారమ్మ జీతం మీదే. ఆవిడకి యాభై రెండేళ్లు. ఇంకో ఆరేళ్లు ఆ కుర్చీ తనదే అనుకుంది.

బస్సులు కరెంటువి అయి మూడేళ్లయింది. అప్పటిదాకా డీజిలు వాసన పీల్చిన డ్రైవర్లు ప్లగ్గులు పెట్టడం నేర్చుకున్నారు. అంతా సర్దుకుందనుకునేసరికి యజమాని ఏదో సభకి వెళ్లొచ్చాడు. వస్తూ వస్తూ ఒక కన్సల్టెంటును వెంట తెచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలభై దగ్గర వయసు, ఏ ప్రశ్నకైనా ముందు చిరునవ్వు. గడియారమ్మని కూడా యజమాని గదిలోకి పిలిచారు.

"మన బస్సులు రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతున్నాయో తెలుసా?" అన్నాడు యజమాని.

"డ్రైవర్ల కన్నా తక్కువే సార్," అంది గడియారమ్మ.

కన్సల్టెంటు చిరునవ్వు నవ్వి విషయం విప్పాడు. ఇప్పుడున్న ప్లగ్గులు కరెంటును బస్సులోకి పంపుతాయి, అంతే. కొత్త రకం పెట్టిస్తే బస్సు బ్యాటరీలోంచి కరెంటును మళ్లీ లైన్లలోకి తోడవచ్చు. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఊరంతా దీపాలు, ఫ్యాన్లు, పొయ్యిలు ఒక్కసారే వేస్తుంది. అప్పుడు కరెంటు కంపెనీకి ఊపిరాడదు, యూనిట్టు బంగారమవుతుంది. మన బస్సులు అప్పుడు అమ్ముతాయి. అర్ధరాత్రి దాటాక ఊరు పడుకుంటే చవగ్గా కొనుక్కుని నింపుకుంటాయి. పొద్దున్నే కడుపు నిండా తిన్నట్టు బడికి పోతాయి.

"అంటే పగలంతా పిల్లల్ని మోసి, ఇంటికొచ్చాక ఊరిని మోయాలన్నమాట," అంది గడియారమ్మ. "మా ఆడవాళ్ల బతుకే!"

యజమాని దగ్గాడు. ఫ్యాను వైపు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. ఏ బస్సు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో, ఎంత నింపాలో, ఎంత తోడాలో ఇకమీదట సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. "నువ్వూ చాలా ఏళ్లు కష్టపడ్డావమ్మా. ఈ స్కీము వస్తే, హాయిగా విశ్రాంతి..."

ఫ్యాను మీద అంత ప్రేమ ఆయనకి అంతకుముందెప్పుడూ కలగలేదు. గడియారమ్మకి ఇంట్లో గుడ్డ కప్పిన మిషను కళ్లముందు కనిపించింది.

"అయితే లాభమా కాదా అన్నది ముందు తేలాలి," అన్నాడు కన్సల్టెంటు. "దానికి మీ రిజిస్టర్లు కావాలి మేడమ్. పదేళ్లవి."

ఇచ్చింది. మనసులో ఆయన్ని శపిస్తూ, దుమ్ము దులిపి మరీ ఇచ్చింది.

మూడు వారాల తర్వాత ఆయన తిరిగొచ్చి ప్రొజెక్టరుతో గోడ మీద లెక్కల బొమ్మలు వేసి చూపించాడు. యజమాని, బావమరిది, గడియారమ్మ వరసగా కూర్చున్నారు. మొదటి బొమ్మ ఎర్రగా ఉంది. కన్సల్టెంటు విచారంగా చెప్పాడు. ఈ బస్సులు సాయంత్రం ఆరున్నరకి గానీ రావడం లేదు, ఖరీదైన గంటల్లో సగం రోడ్డు మీదే అయిపోతున్నాయి. పొద్దున ఆరూ ఇరవైకే వెళ్లిపోతున్నాయి, చవక గంటలు కూడా పూర్తిగా దక్కడం లేదు. కొత్త ప్లగ్గుల ఖర్చు, అటూ ఇటూ తోడినందుకు బ్యాటరీ అరుగుదల కలిపితే స్కీము నష్టం.

గడియారమ్మ గుండెల మీది బండ దిగింది. ఆవిడ జాగ్రత్తే ఆవిడని కాపాడింది. ఇక చేయాల్సిందల్లా ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం. అదేమంత కష్టం! ఊళ్లో ఎంతమంది ఆ పని మీదే జీతాలు తీసుకోవడం లేదు?

అప్పుడాయన రెండో బొమ్మ వేశాడు.

"మేం తొమ్మిది డిపోలు చూశాం. దూరాలు దాదాపు ఒకటే. కానీ ఇక్కడి బస్సులకి ఒక్కో రోజు రెండు గంటలకు పైగా ఎక్కువ పడుతోంది. తొమ్మిదింట్లో ఈ డిపోది తొమ్మిదో స్థానం." చిరునవ్వు. "ఇది బ్యాటరీ సమస్య కాదు సార్. టైము నిర్వహణ లోపం."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ అప్పుడు తెలిసింది.

"తొమ్మిదో స్థానమా?" అంది గడియారమ్మ లేచి నిలబడి. "రాసుకోండి. ఒకటో నంబరు బస్సు పొద్దున ఆరూ యాభై, తిరిగి రావడం ఎనిమిదీ అయిదు. సాయంత్రం గేటులోకి నాలుగూ ముప్పై ఎనిమిది. రెండో నంబరు ఆరూ యాభై రెండు. మూలమలుపు దగ్గర చెత్తబండి అడ్డం ఉంటుంది కాబట్టి ఎనిమిదీ పదకొండు. సాయంత్రం నాలుగూ నలభై ఒకటి. మూడో నంబరు..."

కన్సల్టెంటు కొంతసేపు నోరు తెరుచుకుని చూసి, తర్వాత టైపు చేయడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు బస్సులు, ఒక్క కాగితం చూడకుండా, నిమిషాలతో సహా చెప్పింది. వానాకాలంలో ఎంత కలపాలో, పరీక్షల రోజుల్లో ఎంత తీయాలో కూడా చెప్పింది. అంతా అయ్యాక ఆయన అడిగాడు.

"మరి రిజిస్టరులో ఇలా ఎందుకు రాశారు మేడమ్?"

"నిజం రాస్తే బస్సు కదలదు కాబట్టి."

ఆయన నవ్వాడు. అది వేళాకోళమనుకున్నాడు. సాయంత్రం టైము అలా ఎందుకు రాసిందో అడగలేదు, కానీ బావమరిది మొహం మాడ్చుకుని కూర్చోవడం చూస్తే ఆయనకి అర్థమైనట్టే ఉంది. నిజం టైములు వేసేసరికి బొమ్మ ఎరుపు తగ్గి ఆకుపచ్చగా మారింది. యజమాని చప్పట్లు కొట్టాడు. ఆ డిపో తొమ్మిదింట్లో మొదటి స్థానానికి వచ్చింది. మొదటి స్థానం తెచ్చిన మనిషి ఉద్యోగం ఆ చప్పట్లతోనే పోయింది.

ఇంటికెళ్లి చెబితే భర్త మిషను మీద చేయి ఆపాడు. "నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేదే?"

"తొమ్మిదో స్థానం అన్నాడండీ!"

"అననీ! తొమ్మిదో స్థానానికి జీతం రాదా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కోపం చూపించింది. తర్వాత అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది.

వీడ్కోలు సభ పెట్టారు. యజమాని పది నిమిషాలు పొగిడాడు. డ్రైవర్లు తలో ఇంత వేసుకుని ఒక గోడ గడియారం కొనిచ్చారు. అంతకన్నా పనికొచ్చే వస్తువు ఎవరికీ తోచలేదు.

మరుసటి సోమవారం నుంచి సాఫ్ట్‌వేరు రంగంలోకి దిగింది. డ్రైవర్ల ఫోన్లలో టైము మెరిసింది. సాఫ్ట్‌వేరుకి జాగ్రత్త తెలియదు, నిజమే తెలుసు. ఆరూ యాభై అని నిజం చూపించింది. డ్రైవర్లు పంతొమ్మిదేళ్ల అలవాటు ప్రకారం, రాసిన టైముకి అరగంట కలుపుకుని, తాపీగా ఏడూ పద్దెనిమిదికి వచ్చారు.

బస్సులన్నీ బ్యాటరీలు నింపుకుని పెళ్లికి తయారైనట్టు వరసగా నిలబడి ఉన్నాయి. నడిపే నాథుడు లేడు. సాఫ్ట్‌వేరు తన తెర మీద "అన్నీ సిద్ధం" అని పచ్చగా రాసుకుని సంతోషంగా ఉంది. వీధుల మొదట్లో పిల్లలు, బడి గేట్ల దగ్గర టీచర్లు, యజమాని ఫోనులో తల్లులు. సాయంత్రం మరో ఘనకార్యం. అయిదింటికల్లా ఇరవై రెండు బస్సులూ ప్లగ్గు పెట్టి ఉంటాయని కరెంటు కంపెనీకి రాసిచ్చారు. బస్సులు నాలుగూ నలభైకే వచ్చాయి. డ్రైవర్లు ప్లగ్గు సంగతి తర్వాత చూద్దామని, ఎప్పటిలాగే ముందు టీ కొట్టుకి పోయారు. ఆరున్నర దాకా టైముందని వాళ్ల నమ్మకం. మొదటి రోజే కరెంటు కంపెనీ జరిమానా వేసింది.

మంగళవారం తెల్లవారగానే పెద్ద డ్రైవరు గడియారమ్మకి ఫోను చేశాడు. అందరిలోకీ పాత మనిషి, ఏదైనా తేలకపోతే మిగతావాళ్లు ఆయన మొహం చూస్తారు.

"అక్కా, ఫోనులో ఆరూ యాభై అంటోంది. అసలు టైమెంత?"

గడియారమ్మ నోటి దాకా నిజం వచ్చింది. ఆరూ యాభై అంటే వీడు ఏడూ ఇరవైకి పోతాడు. అది ఆవిడకి కొట్టిన పిండి.

"ఆరూ ఇరవై," అంది.

"అదీ! నాకు తెలుసు," అన్నాడు ఆయన తృప్తిగా. ఆరూ నలభై ఎనిమిదికి డిపోలో ఉన్నాడు.

బుధవారానికి ఏడుగురు ఫోను చేశారు. శుక్రవారానికి ఇరవై రెండు మందీ. యంత్రం చెప్పేది యంత్రం టైము, అక్క చెప్పేది అసలు టైము అని డిపో అంతా తేల్చేసుకుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆవిడే వాళ్లకి ఫోను చేయసాగింది. "ప్లగ్గు పెట్టావా? టీ ఎక్కడికీ పారిపోదు, ముందు ప్లగ్గు పెట్టు." కన్సల్టెంటు సాఫ్ట్‌వేరులో లోపం వెతకడానికి వచ్చి, రెండు రోజులు తెర ముందు కూర్చుని, లోపం దానంతటదే మాయమైందని చూసి, "సిబ్బంది వ్యవస్థకి అలవాటు పడ్డారు" అని రాసుకుని వెళ్లిపోయాడు.

ఒక్కసారి ఆవిడ మానేద్దామనుకుంది. నాకేంటి, జీతమా పాడా అని ఒక పొద్దున ఫోనుని భర్త మిషను కింద పాత గుడ్డల్లో దూర్చి, తలుపు తీసుకుని గుమ్మంలో కూర్చుంది. చినుకులు పడుతున్నాయి. వీధి మలుపు దగ్గర పదకొండో నంబరు బస్సు కోసం ఎదురుచూసే పిల్లలు. ఏడు దాటింది. ఒక చిన్నపిల్ల తడవకుండా బ్యాగును ఒళ్లో పెట్టుకుని, దాని మీద వంగి కూర్చుని, బస్సు వచ్చే వైపే చూస్తోంది. ఇంటికి తాళం వేసి పనికి పోయినట్టున్నారు పెద్దవాళ్లు, చుట్టూ ఎవరూ లేరు. గడియారమ్మ అయిదు నిమిషాలు బిగబట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత గుడ్డల్లో చేయి పెట్టి వెతికింది. ఆ రోజు నుంచి ఇంక మానేద్దామన్న ఆలోచన చేయలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది గానీ ఫోను మాత్రం మానలేదు.

ఆరు నెలలకి డిపోలో విజయోత్సవం పెట్టారు. పాత ఉద్యోగి కదా అని ఆవిడనీ పిలిచి చివరి వరసలో కుర్చీ వేశారు. కన్సల్టెంటు గోడ మీద మళ్లీ బొమ్మ వేశాడు. అంతా ఆకుపచ్చ. బస్సులు నిమిషం తప్పకుండా పోతున్నాయి, నిమిషం తప్పకుండా ప్లగ్గు ఎక్కుతున్నాయి, మొదటి వారం తర్వాత ఒక్క జరిమానా లేదు. "ఇందులో మనిషి ప్రమేయం సున్నా," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవర్లు కూడా కొట్టారు, కాకపోతే వాళ్లలో కొందరు చివరి వరస వైపు చూడలేక తల దించుకున్నారు.

టీ దగ్గర ఆవిడ కన్సల్టెంటును పట్టుకుంది. పొద్దున ఫోన్లు, సాయంత్రం ఫోన్లు, ఆరూ ఇరవై, అంతా చెప్పింది. ఆయన చిరునవ్వు మాని శ్రద్ధగా విన్నాడు. మంచివాడే, అబద్ధం అనలేదు.

"రోజుకి ఎంతసేపు పడుతుంది మేడమ్?"

"రెండు పూటలా కలిపి గంటన్నర. నా కుర్చీ నాకు ఇప్పించండి సార్. పని ఎలాగూ చేస్తూనే ఉన్నాను."

ఆయన కంప్యూటరు తెరిచి, ఒక గడిలో ఏదో మార్చి, తెరను ఆవిడ వైపు తిప్పాడు. ఆకుపచ్చ బొమ్మ ఎర్రబడింది.

"ప్లగ్గుల ఖర్చూ బ్యాటరీ అరుగుదలా పోగా కరెంటు అమ్మకంలో మిగిలేది ఏమీ లేదు మేడమ్," అన్నాడు మెల్లగా. "ఈ స్కీములో లాభం అంటూ ఉన్నది మీకివ్వకుండా మిగిలే జీతమే. అది ఇస్తే లెక్క నిలబడదు. మీరు చేయకపోయినా నిలబడదు." ఆ గడిని వేలితో చూపించాడు. "మీరు ఇలాగే చేస్తుంటేనే నిలబడుతుంది."

ఆవిడ ఆ ఎర్ర బొమ్మను చాలాసేపు చూసింది. పంతొమ్మిదేళ్లలో తన విలువ ఎంతో ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పలేదు. ఆయన గడిలో అంకె చెరిపేశాడు. బొమ్మ మళ్లీ పచ్చబడింది.

"తర్వాతి డిపోలకి కూడా ఇది ఉపయోగపడుతుంది," అన్నాడు ఆయన ఏదో రాసుకుంటూ. "అక్కడ కూడా ఇలాంటి ఒకావిడ ఇంటి దగ్గర ఉంటుందనుకుని లెక్క వేయాలి."

ఆవిడ నోరు తెరిచింది. ఏమనాలో తెలుసు, నాలుగు మాటలు నాలుక చివరే ఉన్నాయి. ఇంతలో చేతిలో ఫోను మోగింది. సభకి రాకుండా బండి మీదున్న పదకొండో నంబరు డ్రైవరు. ఎత్తకూడదనుకుంది. రెండోసారి మోగింది. కన్సల్టెంటు రాసుకోవడం ఆపి, ఆమె ఎత్తుతుందా లేదా అని ఆసక్తిగా చూశాడు.

"చెప్పు తమ్ముడూ," అంది గడియారమ్మ అటు తిరిగి. "వచ్చేశావా? ముందు ప్లగ్గు పెట్టు."